ఆర్ట్ కిట్‌తో ప్రసిద్ధ చిత్రాలు: పాప "ఫోటోలా రాలేదు" అని ఏడుస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంత వరకు ముందు కుదించి రాస్తాను. మీకు ఎనిమిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు. వాళ్ళ మేనమామ ఆర్ట్ కిట్ పంపారు. అందులో చిన్న కాన్వాస్ బోర్డులు, ఆక్రిలిక్ ట్యూబులు, మూడు బ్రష్‌లు, ప్రపంచ ప్రసిద్ధ చిత్రాల కార్డులు ఉన్నాయి. పాప డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన 'స్టారీ నైట్' (నక్షత్రాల రాత్రి) మొదలుపెట్టి, సగంలో "ఫోటోలా రాలేదు" అని ఏడ్చి బోర్డంతా నల్లరంగు పూసేసింది. బాబు రంగులన్నీ కలిపి బురద చేశాడు. మీ అత్తగారేమో "ఎవరో వేసిన బొమ్మ మళ్ళీ వేయించడం దేనికి, వాళ్ళకి నచ్చింది వేసుకోనీ" అంటున్నారు. కాపీ చేయిస్తే పిల్లల సొంత ఊహ పోతుందా, ఏ చిత్రంతో మొదలుపెట్టాలి, కిట్ సరిపోతుందా, పాప వేసినదాన్ని స్కూల్ పోటీకి పంపొచ్చా అని అడిగారు.

నేను చాలా ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఇంటి దగ్గర చిన్న పిల్లలకు నేర్పుతున్నాను. ఇలాంటి కిట్లతో, ఇలాంటి కన్నీళ్ళతో నా దగ్గరికి వచ్చే పిల్లలు ఎక్కువ. వాళ్ళందరి విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. పిల్లలు కాపీ చేయాల్సింది చిత్రం రూపాన్ని కాదు, ఆ చిత్రకారుడు పనిచేసిన పద్ధతిని. కార్డు మీద ఉన్న రూపాన్ని దింపమంటే ఎనిమిదేళ్ళ చేయి ఓడిపోయి తీరుతుంది. పద్ధతిని పట్టుకోమంటే అదే చేయి చాలా దూరం వెళ్తుంది, వచ్చిన బొమ్మ కూడా పాప సొంత బొమ్మే అవుతుంది.

ముందు మీ అత్తగారి మాట. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. అంకెల ప్రకారం గళ్ళలో రంగు నింపడం, చివర్లో అమ్మ బ్రష్ తీసుకుని 'కొంచెం సరిచేయడం', దాన్ని వాట్సాప్‌లో పెట్టడం, ఇదే కాపీ అనుకుంటే నిజంగానే పిల్లలకు ఏమీ మిగలదు. కానీ చూసి వేయడం చిత్రకారులు నేర్చుకునే అసలు దారుల్లో ఒకటి. మీ కార్డు మీదున్న వాన్ గోనే తీసుకోండి. ఆయన 1887లో పారిస్‌లో ఉన్నప్పుడు జపాన్ చిత్రకారుడు హిరోషిగె చెక్క అచ్చు చిత్రాలను చూసి నూనె రంగుల్లో వేశారు. వాటిలో ఒకటి పూసిన చెట్టు, ఇంకొకటి వానలో వంతెన. చుట్టూ అంచులో వేరే జపాన్ చిత్రాల నుంచి తీసిన అక్షరాలు కూడా పెట్టారు. రెండేళ్ళ తర్వాత ఫ్రాన్స్‌లోని సాన్ రెమీ ఊళ్ళోని మానసిక చికిత్సాలయంలో ఉండగా మిలే అనే చిత్రకారుడి బొమ్మలు ఒకటి తర్వాత ఒకటి వేశారు. ఆయన దగ్గర ఉన్నవి మిలే చిత్రాల నలుపు తెలుపు ప్రతులు, ఫోటోలు మాత్రమే. రంగులన్నీ ఆయనే ఊహించుకున్నారు.

వాటిలో 'తొలి అడుగులు' అనే చిత్రం గురించి మీ పాపకు తప్పకుండా చెప్పండి. పెరట్లో తండ్రి పార పక్కన పడేసి చేతులు చాచి కూర్చుంటాడు, తల్లి పాపాయిని వెనక నుంచి పట్టుకుని నడిపిస్తుంటుంది. 1890 జనవరిలో, తమ్ముడు తియో భార్య నిండు గర్భిణిగా ఉన్నప్పుడు వాన్ గో దీన్ని వేశారు. మిలే బొమ్మ ఫోటో మీద గళ్ళు గీసుకుని, కాన్వాస్ మీద కూడా గళ్ళు గీసుకుని, గడి వెంట గడి దింపుకున్నారు. మన స్కూళ్ళలో పిల్లలు చేసే గళ్ళ పద్ధతే అది. గీతలు మిలేవి, రంగులు, కుంచె కదలిక వాన్ గోవి. ఈ చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో పెద్ద సైజులో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఇందులోంచే మీ ఇంట్లో చేయించదగ్గ మంచి పని ఒకటి పుడుతుంది. మీకు నచ్చిన ఏ ప్రసిద్ధ చిత్రాన్నైనా జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో ప్రింట్ తీయించండి. రంగుల కార్డు దాచేయండి. పాపకు నలుపు తెలుపు కాగితం ఇచ్చి "దీనికి ఏ రంగులుండాలో నువ్వే చెప్పు" అనండి. అసలు బొమ్మతో పోల్చి చూసే వీలే లేకపోవడంతో "ఫోటోలా రాలేదు" అన్న మాట రాదు. పైగా లేతగా ఉన్న చోట ఏ రంగు, ముదురుగా ఉన్న చోట ఏ రంగు అని ఆలోచించడం మొదలవుతుంది. రంగుల్లో అన్నిటికంటే కష్టమైన పాఠం అదే. పని పూర్తయ్యాక అసలు కార్డు తీసి పక్కపక్కన పెట్టి చూపించండి. ఎవరిది బాగుంది అని అడగకండి. ఎక్కడెక్కడ వేరుగా ఉంది అని మాత్రం అడగండి.

ఇక స్టారీ నైట్. పాప ఎందుకు ఏడ్చిందో నాకు బాగా అర్థమవుతుంది. 1889 జూన్‌లో వేసిన ఆ చిత్రం దాదాపు 74 సెంటీమీటర్ల ఎత్తు, 92 సెంటీమీటర్ల వెడల్పు. పాప చేతిలో ఉన్నది నోటుపుస్తకం అంత బోర్డు. వాన్ గో వాడింది చిక్కటి నూనె రంగు. గీత గీతకీ రంగు గట్టులా నిలబడుతుంది, దాని మీద పడే వెలుతురు కూడా బొమ్మలో భాగమే. కిట్‌లో వచ్చే ఆక్రిలిక్ పల్చన, పూస్తే చదునుగా అతుక్కుంటుంది. పైగా కార్డు మీది బొమ్మ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అందులో ఆ గీతలే కనిపించవు. లేని వస్తువులతో, కనిపించని గీతలను దింపమని మనం పాపను అడిగాం.

నేను చేయించే క్రమం చెప్తాను. మొదటి రోజు రంగులు ముట్టుకోం. చిత్రాన్ని పెద్ద స్క్రీన్ మీద పెట్టి, గీతలు ఎటు పోతున్నాయో వేలితో గాలిలో గీయిస్తాను. ఆకాశంలో గీతలు పక్కకు పారుతూ సుడి తిరుగుతాయి. నక్షత్రాల చుట్టూ గుండ్రంగా తిరుగుతాయి. ముందున్న సైప్రస్ చెట్టులో మంటలా పైకి లేస్తాయి. కొండల్లో ఏటవాలుగా దిగుతాయి. తర్వాత నలుపు తెలుపు ప్రింట్ మీద పెన్సిల్‌తో బాణం గుర్తులు పెట్టిస్తాను. అంతే, ఆ రోజుకు ఆపేస్తాం. పిల్లలు ఇంకా వేస్తామని గోల చేస్తే మంచిదే, మర్నాడు ఉత్సాహంగా కూర్చుంటారు.

రెండోసారి ముదురు నీలం చార్టు మీద ఆయిల్ పాస్టెల్స్‌తో. చిన్న చిన్న గీతలు మాత్రమే, రుద్ది నింపడం లేదు. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య కాగితం కనిపించాలి. తెలుపు, నిమ్మపసుపు, రెండు నీలాలు, ఒక ఆకుపచ్చ చాలు. పిల్లలు ఇక్కడే మొదటిసారి "ఓ, ఇలాగా" అంటారు. ఎందుకంటే ఆ కదలిక కాగితం మీద నిజంగానే వచ్చేస్తుంది.

మూడోసారి రంగులు. పాప నల్లరంగు పూసేసిన బోర్డు పారేయలేదు కదా? అదే తీయండి. ఆక్రిలిక్ ఆరితే మళ్ళీ కరగదు, దాని మీద ఎన్నిసార్లయినా వేయొచ్చు. రాత్రి దృశ్యానికి నల్లటి నేల (బొమ్మ కింద ముందుగా పూసే రంగు) చాలా మంచిది, పసుపు దాని మీద వెలుగుతుంది. అయితే పసుపు పల్చటి రంగు, కింది నలుపు తినేస్తుంది. అందుకని నక్షత్రం ఉండే చోట ముందు తెలుపు పెట్టించి, ఆరాక పసుపు వేయించండి. రంగు చిక్కగా రావాలంటే ఒక చెంచా ఆక్రిలిక్ లేదా పోస్టర్ కలర్‌కి అర చెంచా ఫెవికాల్ కలపండి, నీళ్ళు వద్దు. తడిగా ఉన్నప్పుడు ఫెవికాల్ తెలుపు వల్ల రంగు లేతగా కనిపిస్తుంది, ఆరాక ముదురుతుంది. ఆ సంగతి పాపకు ముందే చెప్పండి, లేకపోతే కంగారుపడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లతోనో, పాత ఫోర్క్‌తోనో రంగు మీద గీతలు లాగితే గట్లు నిలబడతాయి. కొందరు మైదా కలుపుతారు. అది కూడా పనిచేస్తుంది కానీ మందంగా పెడితే ఆరేటప్పుడు పగులుతుంది, మిగిలింది దాచితే పాడైపోతుంది. పల్చటి కాగితం మీద ఇవేవీ నిలవవు. బోర్డో, మందపాటి అట్టో కావాలి.

ఇంకో విషయం. వాన్ గో తన గది కిటికీలోంచి చూసింది తెల్లవారుజాము ఆకాశాన్ని. కింద ఉన్న ఊరు ఆ కిటికీలోంచి కనపడదు. ఆ ఇళ్ళు, ఆ చర్చి శిఖరం ఆయనే తెచ్చి అక్కడ పెట్టారు. కాబట్టి మీ పాప కూడా ఆ ఊరు వేయనక్కర్లేదు. మీరు విజయవాడలో ఉంటున్నామన్నారు. సుడులు తిరిగే ఆకాశం కింద ఇంద్రకీలాద్రి, కృష్ణ మీద బ్యారేజీ దీపాలు, మీ వీధి వాటర్ ట్యాంకు ఏదైనా రావచ్చు. సైప్రస్ చెట్టు బదులు తాటిచెట్టు పెడితే గీతలు ఎలా మారాలి అని అడిగి చూడండి. పిల్లలు దాని గురించి చాలాసేపు ఆలోచిస్తారు. మీ అత్తగారు అడుగుతున్న సొంత ఊహ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

మీ కార్డుల్లో జపాన్ చిత్రకారుడు హొకుసాయి 'కనగావా పెద్ద అల' కూడా ఉందన్నారు. నన్నడిగితే స్టారీ నైట్ కంటే ముందు అదే వేయించాలి, కానీ బ్రష్‌తో కాదు. సుమారు 1831లో వచ్చిన ఆ చిత్రం అసలు పెయింటింగే కాదు, చెక్క అచ్చు. గీత ఒక చెక్కమీద, ఒక్కో రంగుకు వేరే చెక్కలు, అలా ఒకదాని మీద ఒకటి అద్ది తీసిన ప్రింటు. దాని సైజు కూడా దాదాపు 25 సెంటీమీటర్లు, 37 సెంటీమీటర్లు, ఏ4 కాగితం కంటే కొంచెం పెద్దది అంతే. మ్యూజియం గోడ నిండా ఉండే చిత్రమని అందరూ అనుకుంటారు. మన పిల్లలు దాదాపు అసలు సైజులోనే వేయగలిగిన ప్రసిద్ధ చిత్రాల్లో అదొకటి.

బేకరీలోనో కూరగాయల ప్యాకింగ్‌లోనో వచ్చే చదునైన థర్మాకోల్ ప్లేటు తీసుకుని అంచులు కత్తిరించండి. ఆ పని మీరు చేయండి. మొద్దుబారిన పెన్సిల్‌తోనో, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతోనో పాప దాని మీద నొక్కి అల గీయాలి. గీత లోతుగా దిగాలి కానీ ప్లేటు చిల్లు పడకూడదు. స్పాంజి ముక్కతో నీలం పోస్టర్ కలర్ పల్చగా అద్ది, దాని మీద డ్రాయింగ్ షీట్ బోర్లించి, చెంచా వెనక భాగంతో రుద్ది, మెల్లగా ఎత్తాలి. నొక్కిన గీతలు తెల్లగా, మిగతాది నీలంగా వస్తుంది. రంగు ఎక్కువైతే గీతలు మూసుకుపోతాయి. మొదటి ఒకటి రెండు ప్రింట్లు అలాగే వస్తాయి, పర్వాలేదు, ప్లేటు తుడిచి మళ్ళీ తీయొచ్చు. బొమ్మ కుడి ఎడమలు తిరగబడుతుంది, అందుకని పాప తన పేరు ప్లేటు మీద రాయాలనుకుంటే తిప్పి రాయాలి. రెండో తరగతి పిల్లలకు ఇది పెద్ద పజిల్, చాలా ఇష్టంగా చేస్తారు. పడవలు మూడు, దూరంగా అల కంటే చిన్నగా ఫుజి పర్వతం. కొండ అంత చిన్నగా ఎందుకుంది అని అడగండి, దగ్గర దూరాల పాఠం అక్కడే అయిపోతుంది.

అచ్చు వేయించడంలో మీ పాప లాంటి పిల్లలకు ఉన్న పెద్ద లాభం ఇంకొకటి. ఒకే ఒక్క కాన్వాస్ ముందు కూర్చున్నప్పుడు ప్రతి గీతకీ టెన్షన్ ఉంటుంది, పాడైతే అంతా పోయినట్టే. అచ్చులో ఒకటి పోతే ఇంకొకటి. నాలుగైదు తీసి, అందులో తనకు నచ్చినది తనే ఎంచుకుంటుంది. ఏడ్చే అలవాటున్న పిల్లలను నేను మొదట అచ్చుల దగ్గరే కూర్చోబెడతాను. ఆ నీలం గురించి కూడా చెప్పండి. ప్రష్యన్ బ్లూ అనే ఆ రంగు 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది, తర్వాత జపాన్ చేరింది. హొకుసాయి కాలానికి అది అక్కడ కొత్త రంగు. మన ఆయిల్ పాస్టెల్ డబ్బాల్లో కూడా తరచూ ఆ పేరుతో ఒక పుల్ల ఉంటుంది, వెతికి తీయమనండి.

బాబు సంగతికి వస్తాను. ఐదేళ్ళ వాడికి ఈ కాన్వాస్ బోర్డులు ఇప్పుడు వద్దు. రంగులు బురదవడానికి కారణం వాడి అల్లరి కాదు. పసుపు, ఎరుపు, నీలం మూడూ కలిస్తే గోధుమ రంగో, మట్టి రంగో వస్తుంది. నలుపు కూడా దొరికితే ఇక చెప్పక్కర్లేదు. ఒకసారి కూర్చున్నప్పుడు రెండు రంగులు, ఒక తెలుపు మాత్రమే ఇవ్వండి. ఈరోజు పసుపు, ఎరుపు. రేపు పసుపు, నీలం. ఎంత కలిపినా అందమైన రంగే వస్తుంది. ఆ రెండు రోజుల్లో నారింజ, ఆకుపచ్చ వాడే కనిపెట్టినంత సంతోషపడతాడు.

వాడికి సరిపోయేది ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయన ఎక్కువగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. చివరి ఏళ్ళలో కత్తెర పట్టుకున్నారు. సహాయకులు కాగితాలకు గ్వాష్ (నీళ్ళతో కలిపే చిక్కటి రంగు) పూసి ఇస్తే, ఆయన ఆ రంగు కాగితాలను నేరుగా కత్తిరించి, గోడ మీద అటూ ఇటూ జరిపించి అతికించేవారు. 1953 నాటి 'నత్త' లండన్ టేట్ మ్యూజియంలో ఉంది, దాదాపు మూడు మీటర్ల చదరం. రంగు ముక్కలు సుడిలా తిరుగుతాయి, అంతే. మన పోస్టర్ కలర్స్ గ్వాష్‌కి చాలా దగ్గర, మెరుపు లేకుండా చిక్కగా కప్పుతాయి. ఒక సాయంత్రం బాబు చేత కాగితాలకు ఒక్కో రంగు పూయించండి. బ్రష్ గీతలు కనిపించినా వదిలేయండి, మతీస్ కాగితాల్లోనూ కనిపిస్తాయి. మర్నాడు మొద్దు కొనల పిల్లల కత్తెర ఇవ్వండి. ముందు పెన్సిల్‌తో గీసి కత్తిరించడం వద్దు, కత్తెరే గీయాలి. వెంటనే గమ్ పెట్టనివ్వకండి. ముక్కలను చార్టు మీద జరిపి జరిపి చూసుకుని, నచ్చాక అతికించాలి. జరపడంలోనే వాడి ఆలోచన ఉంది.

చిత్రకారుడు కాండిన్‌స్కీ వలయాలు కూడా వాడికి బాగుంటాయి. 1913లో ఆయన పన్నెండు గళ్ళలో రంగు రంగుల వలయాలు వేసిన కాగితం ఇప్పుడు ప్రపంచమంతా పోస్టర్లుగా అమ్ముడవుతోంది. ఆయనకు మాత్రం అది పక్కపక్కన ఏ రంగులు ఎలా ఉంటాయో చూసుకున్న అభ్యాసం. కాగితాన్ని మడిచి గళ్ళు చేసి ఇస్తే చాలు.

పాపకు లెక్కలు, కొలతలు ఇష్టమైతే మాండ్రియాన్, నిలువు అడ్డం నల్ల గీతల మధ్య గళ్ళలో రంగులు నింపిన చిత్రకారుడు. నల్ల గీతల కోసం రంగుతో కుస్తీ పట్టనివ్వకండి, ఎలక్ట్రికల్ షాపులో దొరికే నల్ల ఇన్సులేషన్ టేపు తెచ్చి ఇవ్వండి. ఇది అడ్డదారి కాదు. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు ఆయనే రంగు టేపులు అతికించి, పీకి, మార్చి చూసుకునేవారు. టేపులతో చేసిన 1941 నాటి ఆయన చిత్రం ఒకటి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో ఉంది. దాన్ని దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడదీస్తున్నారేమోనని 2022లో అక్కడి క్యూరేటర్ చెప్పారు. ఇప్పుడు తిప్పితే పాత టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు. ఈ కథ విన్న పిల్లలు తమ బొమ్మను నాలుగు వైపులా తిప్పి చూసుకుంటారు. చూసుకోవాలి కూడా. ఒక్కటి గమనించమనండి: మాండ్రియాన్ నల్ల గీతలన్నీ ఒకే మందం ఉండవు.

చిన్న చిన్న రంగు చుక్కలతో బొమ్మలు వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు సురా పద్ధతి ఇయర్ బడ్స్‌తో బాగా వస్తుంది, కానీ పోస్ట్‌కార్డు సైజు దాటనివ్వకండి. 'గ్రాండ్ జాట్' దీవి మీద ఆదివారం చిత్రానికి ఆయనకు 1884 నుంచి 1886 వరకు పట్టింది, రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. ఏ4 కాగితం చుక్కలతో నింపమంటే పిల్లలకు విసుగు తప్ప ఏమీ రాదు.

మోనాలిసా కార్డు మాత్రం తీసి పక్కన పెట్టండి. ఆ ముఖంలో గీత అనేదే దొరకదు, లేత పొరల మీద పొరలు. పదేళ్ళ లోపు పిల్లల చేత దాన్ని వేయించడం వాళ్ళను బాధపెట్టడమే. మోనాలిసా మీద మరీ ఇష్టముంటే పాపకు మీ ముదురు రంగు చున్నీ కప్పి, కిటికీ పక్కన చేతి మీద చేయి వేయించి కూర్చోబెట్టి ఫోటో తీయండి. 2020 లాక్‌డౌన్‌లో లాస్ ఏంజెలెస్ గెట్టీ మ్యూజియం పిలుపు ఇస్తే ప్రపంచమంతా జనం ఇంట్లో ఉన్న వస్తువులతో ప్రసిద్ధ చిత్రాలను ఇలా ఫోటోలుగా తీశారు. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, చేతులు ఎక్కడున్నాయి అని పిల్లలు చిత్రాన్ని ఎంత శ్రద్ధగా చూస్తారో ఆ ఆటలో తెలుస్తుంది.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటి. ఇలాంటి కిట్లలో నేను చూసినంత వరకు మన చిత్రాలు ఉండవు. పిల్లలకు పారిస్ తెలుస్తుంది, తెలంగాణలోని చేర్యాల తెలియదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసే కథల పటాలు పిల్లల చేతికి ఎంతో అనువైనవి. ఎర్రటి నేల, చదునైన రంగులు, నల్లటి అంచు గీత, కథను వరసగా చెప్పే గళ్ళు. వాళ్ళు ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూతలు వేసి నేల తయారుచేసుకుంటారు. మీకు ఎర్ర చార్టు ఉంటే చాలు. దాన్ని పొడవుగా కత్తిరించి, మూడు గళ్ళు చేసి, పాప తన రోజులోంచి ఒక కథ చెప్పాలి: పొద్దున బస్సు తప్పింది, నాన్న బండి మీద దింపారు, టీచర్ నవ్వారు. ముందు రంగులు, అంచు గీతలు అన్నిటికంటే చివర నల్ల స్కెచ్‌పెన్‌తో. పటం పద్ధతి వాళ్ళది, కథ పాపది. చిత్రకారుడు తోట వైకుంఠం వేసే తెలంగాణ ఆడవాళ్ళు కూడా అంతే, పెద్ద బొట్టు, పూల కొప్పు, ఎరుపు పసుపు పచ్చ చీరలు. పిల్లలు వాళ్ళను చూసి "మా నానమ్మ" అంటారు. మీ అత్తగారిని కూర్చోబెట్టి ఆ పద్ధతిలో వేయమని పాపను అడిగి చూడండి. బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ పొడవాటి కళ్ళ బొమ్మలు మరొకటి. కలకత్తాలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, తర్వాత దాన్ని వదిలి అక్కడి కాళీఘాట్ గుడి దగ్గర పుట్టిన జానపద పటాల వైపు, మట్టి రంగుల వైపు వచ్చిన మనిషి ఆయన. నాలుగు గీతల్లో ఆవు, దూడ.

కిట్ గురించి. రంగులు చాలు, ఇంకో కిట్ కొనకండి. కొనాల్సినవి ఒక పెద్ద తెల్లరంగు ట్యూబు (అన్నిటికంటే ముందు అయిపోయేది అదే), ఒక చదునైన మధ్యరకం బ్రష్, 200 జీఎస్‌ఎం (కాగితం ఎంత దళసరో చెప్పే అంకె) దాటిన డ్రాయింగ్ షీట్లు, ఒక డబ్బా ఆయిల్ పాస్టెల్స్. కిట్ బ్రష్‌లు వెంట్రుకలు రాలుస్తుంటే అవి జిగురు పనికి పెట్టండి. ఆక్రిలిక్ బట్టల మీద ఆరితే పోదు, నాన్న పాత చొక్కా వెనక నుంచి ముందుకు తొడిగించండి. బ్రష్ మీద ఆరినా అంతే, వాడనప్పుడు నీళ్ళలో ఉండాలి. ఎండాకాలం ఫ్యాన్ కింద పింగాణీ ప్లేటులోని రంగు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఫ్యాన్ ఆపండి, లేదా కొంచెం కొంచెం పిండుకోండి. నీళ్ళకు తాగే గ్లాసులు వాడకండి, ముఖ్యంగా బాబు ఉన్న ఇంట్లో.

మీరు పక్కన కూర్చోవాలి, కానీ పాప కాగితం మీద మీ చేయి పడకూడదు. ఏదైనా చూపించాల్సి వస్తే మీ కాగితం మీద చూపించండి. అమ్మ దిద్దిన చోటు పిల్లలకు ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది, మిగతాదంతా తప్పని వాళ్ళకు అర్థమవుతుంది. "సూపర్, భలే ఉంది" అనే బదులు "ఈ నీలం ఎలా కలిపావు?" అని అడగండి. పిల్లలకు రెండో మాటే ఎక్కువ నచ్చుతుంది, నేను చూస్తూనే ఉన్నాను. ఏడుపు మొదలైతే ఆ రోజుకు మూసేయండి, బొమ్మను గోడకు ఆనించి కొంచెం దూరం నుంచి చూడమనండి. ముక్కు ముందు పెట్టుకుని చూస్తే ఏ బొమ్మా బాగుండదు.

పోటీ సంగతి. పాప వేసినదాని వెనక "వాన్ గో చిత్రం చూసి" అని, కింద తన పేరు, తేదీ రాయించండి. ముందు వైపు తన సంతకమే ఉండాలి, వాన్ గో సంతకం దింపకూడదు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఈరోజుకీ చిత్రకారులు అనుమతి తీసుకుని చిత్రాల ముందు కూర్చుని కాపీ చేస్తారు. అక్కడి నియమం కూడా ఇదే: సంతకం దింపకూడదు, కాపీ అసలు సైజులో ఉండకూడదు. వైకుంఠం గారిలాంటి ఈ కాలపు చిత్రకారుల పద్ధతిలో వేసినప్పుడు పేరు చెప్పడం మరీ ముఖ్యం. ఇక మీ స్కూల్ పోటీ నియమాల్లో సొంత ఊహతో వేసినదే పంపాలని ఉంటే స్టారీ నైట్ పంపకండి. ఎర్ర చార్టు మీద బస్సు తప్పిన కథ పంపండి. ఆ పటం కింద 'చేర్యాల పద్ధతిలో' అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది.